మన్ననూరు దిగుడులో ఆగని ఇంజను

దయ్యాలను నమ్మేవాళ్లంటే నాకు జాలి లేదు. కోపం ఉంది. ఈ మాట ముందే చెప్పి మొదలుపెడుతున్నాను. లేకపోతే చివరిదాకా చదివి, ముసలితనంలో ఈయనకు కూడా ఏదో పట్టింది అంటారు.

నాకేమీ పట్టలేదు. నేను చూసింది పట్టపగలు. చేతిలో పానా ఉంది, ఒంట్లో తెలివి ఉంది, కడుపులో మందు చుక్క లేదు.

బడిలో నేను చదివింది కొద్దిగానే. మిగతాదంతా సామాను కట్టిచ్చిన పేపరు ముక్కల్లో, లారీ క్యాబిన్లో, గద్వాలలో పాత పుస్తకాలు దొరికిన చోటల్లా చదువుకున్నాను. ఇంజను ఎలా పనిచేస్తుందో చెప్పే ఇంగ్లీషు పుస్తకం ఒకటి సంపాదించి, పక్కన నిఘంటువు పెట్టుకుని, ఒక్కో మాటకు అర్థం వెతుక్కుంటూ పూర్తిచేశాను. డిగ్రీలున్న వాళ్లు దయ్యాలకు కోళ్లు కోస్తుంటే చూశాను. నేను కోయలేదు.

ఒకసారి వడ్డేపల్లి దగ్గర మా చుట్టాల చేనులో బోరు మోటారు దానంతటదే నడుస్తోందని గోల. చచ్చిపోయిన పెద్దాయన వచ్చి పొలానికి నీళ్లు పెడుతున్నాడట. పోయి చూస్తే ఏముంది, పెద్ద కొడుకు ఆటో స్టార్టరు పెట్టించి ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. కరెంటు రాగానే మోటారు నడుస్తోంది. అప్పటికే కోడి తెగింది, కూర కూడా అయిపోయింది. ఆ వేళ నేను పెట్టిన చీవాట్లకు వాళ్లు ఇప్పటికీ నన్ను పెళ్లిళ్లకు పిలవరు.

అలాంటివాణ్ణి నేను. ఇక సంగతి చెబుతాను.

మన్ననూరులో ఒక మధ్యాహ్నం పూట, ఒక లారీ ఇంజనును ఆపడానికి నాకు తెలిసిన ప్రతి పనీ చేశాను. అది ఆగలేదు. ఆగి ఉంటే నా తమ్ముడు అక్కడికక్కడే నలిగి చచ్చేవాడు. వాడు ఆ బండి కిందే పడి ఉన్నాడు. ఆ సంగతి నాకు తెలియదు.

తమ్ముడి పేరు తిమ్మప్ప. మల్దకల్‌లో వెలసిన దేవుడు తిమ్మప్ప పేరే పెట్టారు. నాకంటే చాలా చిన్నవాడు. అమ్మ పోయాక వాణ్ణి చంకనెత్తుకుని తిరిగింది నేనే. స్టీరింగు పట్టడం నేర్పిందీ, పానా పట్టడం నేర్పిందీ నేనే. నాకు చూపు మందగించి స్టీరింగు వదిలేసినప్పుడు, నేను నడిపిన బండినే వాడు తీసుకున్నాడు.

పాత బండి. డీజిల్ పంపు, దానికి ఆరు పైపులు, ఆరు నాజిళ్లు. కంప్యూటరు లేదు, టర్బో లేదు. అందులో నాకు తెలియని బోల్టు లేదు.

దానికి రెండు అవలక్షణాలున్నాయి. ఒకటి, సెల్ఫ్ మీద నమ్మకం లేదు. ఒకసారి అందుకుంటే ఇంకోసారి అందుకోదు. అందుకని ఎక్కడ ఆపినా దిగుడులోనే ఆపేవాళ్లం. ఇంజను అందుకోకపోతే బండిని దొర్లించి గేరులో అందుకునేలా చేయాలి. పాత బండ్లున్న మా వైపు డ్రైవర్లందరిదీ అదే పద్ధతి.

రెండోది, హ్యాండ్ బ్రేకు పేరుకే ఉంది. దిగుడులో నిలపాలంటే కాలి బ్రేకు తొక్కి, దానికీ సీటు రేకుకూ మధ్య ఒక కట్టె ఇరికించేవాళ్లం. టైరు ముందు ఒక రాయి పెట్టేవాళ్లం.

ఇక్కడ బండ్ల సంగతి తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. ఆ బ్రేకు గాలి బ్రేకు. ఇంజను తిరుగుతున్నంతసేపూ గాలి ట్యాంకు నిండుతుంది. ఆ గాలి ఉన్నంతసేపే బ్రేకు. ఇప్పటి బండ్లలో గాలి పోతే బ్రేకు దానంతటదే బిగుసుకుంటుంది. ఆ పాత బండిలో అలా కాదు. గాలి పోయిందంటే బ్రేకు వదిలేస్తుంది, కట్టె ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఇంకో పద్ధతి కూడా చెప్పాలి. ఇది మా ఉస్తాదు నేర్పింది. బండి కింద దూరేవాడు ఎవడైనా సరే, చెప్పులు విడిచి డ్రైవరు సీటు మీద పెట్టి దూరాలి. సీటు మీద చెప్పులు కనిపిస్తే ఎవడూ తాళం ముట్టడు, గేరు ముట్టడు. ఆదమరిచి ఎక్కినా వాటి మీద కూర్చోలేడు కదా. మా ఉస్తాదు దగ్గర పని నేర్చుకున్న వాళ్లలో ఒక్కడు కూడా బండి కింద పోలేదు. ఈ అలవాటు తమ్ముడికి చిన్నప్పుడే పెట్టాను. మరిచిన రోజు తన్నాను కూడా.

ఆ ఏడాది వాడికి దవాఖానలో బీపీ అన్నారు. గోళీలు రాసిచ్చారు. కొన్నాళ్లు మింగి, తల తిరుగుతోందని మానేశాడు. మానేసి, మల్దకల్ జాతర దాకా చెప్పులు వేసుకోనని దేవుడికి మొక్కుకున్నాడు. ఎండకు తారు కరిగే రోజుల్లో వట్టి కాళ్లతో క్లచ్చు తొక్కుతున్నాడు. చూసి నాకు ఒళ్లు మండింది.

"ఒరే, బీపీ నీ అరికాళ్లల్ల ఉన్నదారా? గోళీలు ఏస్కో" అన్నాను.

"గోళీలు నువ్వు చెప్తవ్, మొక్కు సవారమ్మ చెప్తది. నేను కాపురం చేసేది ఎవలతోని అన్నా?" అని నవ్వాడు.

సవారమ్మ వాడి భార్య. లోపల రొట్టెలు చేస్తున్నదల్లా తలుపు దాకా వచ్చింది. "నీకు దేవుడు లేడు బావా, మంచిదే. మాకు ఉండనీ" అంది.

ఉండనిచ్చాను. అంతకంటే ఏం చేస్తాను, నోట్లో వేలు పెట్టి గోళీ మింగించలేను కదా.

అలా ఉండగా ఒకరోజు వాడే ఇంటికొచ్చాడు. "అన్నా, ఇంజను మాట ఇంటలేదు. ఆఫ్ చేస్తే ఆగుతలేదు. కొద్దిసేపు తిరిగి తిరిగి, దానికి బుద్ధి పుట్టినప్పుడు ఆగుతుంది. జర చూడు" అన్నాడు.

షాబాద్ బండల లోడు ఉంది, మన్ననూరులో ఎవరో ఇల్లు కట్టుకుంటున్నారు, అక్కడ దించాలి అన్నాడు. నడిచే బండిలో కూర్చుంటేనే రోగం దొరుకుతుందని నేనూ ఎక్కాను. పొద్దున్నే గద్వాల దాటాం.

వనపర్తిలో చాయ్‌కి ఆగినప్పుడు చూశాను. పాత బండిలో ఇంజను ఆపాలంటే తాళం తిప్పితే చాలదు. ఒక పిడి లాగాలి. ఆ పిడికి కట్టిన తీగ పోయి పంపు మీది మీటను లాగితే, డీజిల్ ఆగి ఇంజను ఆగుతుంది. వాడు పిడి లాగాడు. ఇంజను బద్ధకంగా తిరుగుతూనే ఉంది. చివరికి టాప్ గేరు వేసి, బ్రేకు తొక్కి, క్లచ్చు వదిలి గొంతు నొక్కినట్టు ఆపాడు. కాలిన వాసన వచ్చింది.

"క్లచ్చు ప్లేటు పోతది అన్నా. ఇంక గిట్ల ఆపొద్దు. ముందర ఎక్కుడు ఉన్నది" అన్నాడు.

బానెట్ ఎత్తి చూస్తే రోగం తెలిసిపోయింది. తీగ సాగిపోయింది. పిడి పూర్తిగా లాగినా మీట చివరిదాకా పోవడం లేదు. కాస్త డీజిల్ పోతూనే ఉంది. నాగర్‌కర్నూలులో కొత్త తీగ కొని నా చేత్తో వేశాను. పిడి లాగితే మీట చివరంటా పోయింది. ఇంజను ఆగింది. ఏ గొడవా లేకుండా, నోరు మూసుకుని ఆగింది. సెల్ఫ్ మూలిగి మూలిగి మళ్లీ అందుకుంది.

ఇది గుర్తుపెట్టుకోండి. రోగం దొరికింది, మందు వేశాను, నయమైంది. నా కళ్లతో చూశాను.

వాడు నాకు చెప్పనిది ఒకటుంది. గాలి పైపు ఒకటి బండి కింద లీకవుతోంది. చెబితే నాగర్‌కర్నూలులోనే బండి నిలబెట్టేస్తానని వాడికి తెలుసు. బ్రేకు లీకుతో కొండ దారి ఎక్కనిస్తానా? అందుకే చెప్పలేదు. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు పళ్లు నూరుకోవాలనిపిస్తుంది.

మన్ననూరు చేరేసరికి ఎండ నడినెత్తి నుంచి వాలింది. ఊళ్లో ఒక దిగుడు ఉంది, కింద కల్వర్టు. దిగుడు మధ్యలో లింగమ్మ అనే ఆమె చాయ్ బండి. అక్కడ లారీ నిలిపాడు. కట్టె ఇరికించాడు, వెనక టైరు ముందు రాయి పెట్టాడు. ఇంజను మాత్రం ఆపలేదు. మళ్లీ అందుకుంటుందో లేదో అని ఆపలేదనుకున్నాను.

"నువ్వు గా గల్లీల పోయి ఇంటాయన్ని పిల్సుకరా అన్నా. నేను బండి కాడుంట" అన్నాడు.

పోయాను. సగం కట్టిన ఇల్లు ఉంది, ఇంటాయన లేడు. పక్కింటి ముసలమ్మను అడిగితే అచ్చంపేట పోయాడంది, కాసేపటికి, కాదు, అడవిలోకి పోయాడంది. విసుక్కుని తిరిగొచ్చాను.

ఇంజను తిరుగుతోంది. తమ్ముడు లేడు.

ఫోన్ చేశాను. క్యాబిన్లో అద్దం ముందు పెట్టిన వాడి ఫోనే మోగింది. తలుపు తీసి చూశాను. కట్టె బ్రేకు మీద ఉంది. ఇంజను ఆపే పిడి బయటికి లాగి ఉంది. సీటు ఖాళీగా ఉంది, చెప్పులు లేవు.

చెప్పులు లేవంటే కింద ఎవరూ లేరు. నాకు తెలిసిన లెక్క అంతే. వాడికి ఆ నెల కాళ్లకే చెప్పులు లేవన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు. మొక్కు గురించి అన్ని తిట్లు తిట్టిన నాకే తట్టలేదు.

పిడి లాగి ఉంది, ఇంజను తిరుగుతోంది. అంటే వాడు ఆపబోతే ఆగలేదు, నన్ను వెతుక్కుంటూ ఇంకో గల్లీలో పడ్డాడు. అలా అనుకున్నాను. నేను వేసిన కొత్త తీగ పనిచేయలేదా అని నాకు రోషం వచ్చింది.

పిడి లోపలికి తోసి మళ్లీ లాగాను. శబ్దం మారలేదు.

బానెట్ ఎత్తాను. బండి ముందర, బంపరు మీద కాలు పెట్టి, లోపలికి వంగాను. మీట చివరంటా వచ్చి ఉంది. చేత్తో ఇంకా నొక్కాను. ఇంజను స్లోలో టకటకమంటూ నింపాదిగా తిరుగుతూనే ఉంది.

చాయ్ బండి దగ్గర ఈదయ్య అని ఒక చెంచు మనిషి కూర్చున్నాడు. అడవి శాఖలో వాచరు పని. "పులి పరేషాన్ అయితదని మమ్మల్ని గట్టిగ దగ్గనియ్యరు. నీ లారీకి రూలు లేదా పెద్దాయనా?" అన్నాడు.

"రూలు ఉన్నది, అది ఇంటలేదు. నువ్వు వచ్చి గీ మీట పట్టుకో" అన్నాను.

వచ్చాడు. పట్టుకున్నాడు. లింగమ్మ అక్కడి నుంచే అరిచింది. "గా బండి ఆపరాదు తాతా! పొగంత నా చాయ్‌ల పడుతుంది."

"పడితే పడనీ. గప్పుడన్న నీ చాయ్‌కి వాసన వస్తది" అన్నాను.

ఈదయ్య నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు మా తమ్ముడికి వినబడిందట.

గేరులో వేసి గొంతు నొక్కుదామా అనుకున్నాను. ప్లేటు కాలుతుందని వాడు వద్దన్నాడు కదా అని ఊరుకున్నాను. ట్యాంకు నుంచి పంపుకు వచ్చే డీజిల్ పైపు విప్పేశాను. డీజిల్ కాసేపు కారింది. పైపు నోట్లో గుడ్డ కుక్కాను. పంపులో మిగిలిన డీజిల్ అయిపోయేదాకా తిరుగుతుందిలే అని చూశాను. లింగమ్మ ఒక వాయి చాయ్ కాచి, వడబోసి, నలుగురికి పోసింది. ఇంజను అదే వరుసలో తిరుగుతోంది.

అప్పుడు నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేశాను. ఇంజను తిరుగుతుండగా ఆ నట్టు వదులైతే డీజిల్ చిమ్మాలి, ఆ సిలిండరు చచ్చిపోయి ఇంజను కుంటాలి. చిమ్మలేదు. కుంటలేదు. ఆరూ వదులు చేశాను. ఆరూ పొడి. అంటే పంపు ఆగిపోయింది, ఒక్క చుక్క ఇవ్వడం లేదు. మరి ఈ ఇంజను దేనితో తిరుగుతోంది?

నాకు భయం వేయలేదు. కోపం వచ్చింది. దానికీ ఒక కారణం నాకు తెలుసు. ఇంజనాయిల్ ఎటో లీకై గాలి దారిలో పడితే, డీజిల్ లేకున్నా ఆ ఆయిల్ తాగి ఇంజను తిరుగుతుంది. కానీ అలా తిరిగే ఇంజను స్లోలో తిరగదు. పిచ్చెత్తినట్టు పరుగెడుతుంది, ఊరంతా తెల్లటి పొగ కక్కుతుంది. ఈ ఇంజనుకు పొగే లేదు. లింగమ్మను అడిగాను. "ఇందాకటి నుంచి వస్తలేదు తాతా" అంది. ఆయిల్ కమ్మీ తీసి చూశాను. ఉండాల్సిన గీత దగ్గరే ఉంది.

ఇక ఒక్కటే మిగిలింది. ఏ ఇంజనైనా, ఏది తాగి తిరిగినా, దానికి గాలి కావాలి. గాలి మూసేస్తే చావక తప్పదు. గాలి పీల్చే గొట్టం విప్పి, నోటి మీద అరచెయ్యి పెట్టబోయాను. జాగ్రత్తగా పెట్టాలి, చేతిని లాగేసుకుంటుంది.

లాగలేదు.

అరచెయ్యి పూర్తిగా మూశాను. ఏమీ లేదు. గోడ మీద చెయ్యి పెట్టినట్టు ఉంది. తడిపిన గోనెసంచి చుట్టి, పైన చెక్క పెట్టి, ఒంటి బరువంతా వేసి నొక్కాను. సంచి లోపలికి ముడుచుకోలేదు. ఇంజను గాలి పీల్చడం లేదు, డీజిల్ తాగడం లేదు. ఫ్యాను తిరుగుతోంది, బెల్టు తిరుగుతోంది, ఆ వేడి నా మొహానికి కొడుతోంది.

ఈదయ్య మీట వదిలేసి వెనక్కి జరిగాడు. "దీన్ని ముట్టకు పెద్దాయనా. ఇది దేనికోసమో చూస్తుంది" అన్నాడు.

"ఇంజనుకు కండ్లుంటయా? పట్టుకో!" అని కసిరాను. వాడు పట్టుకోలేదు.

ఇంతలో లింగమ్మ మేకపిల్ల తాడు తెంపుకుని బండి కిందికి దూరింది. ఆమె తిట్టుకుంటూ వచ్చి వెనక టైరు దగ్గర వంగింది. వంగినది అలాగే ఉండిపోయింది.

"తాతా... ఈడ మనిషి కాళ్లున్నయి" అంది.

నేను ఎలా దిగానో, ఎలా అటు పోయానో తెలియదు. టైరు ముందు రెండు అరికాళ్లు. తారు అంటి నల్లగా, పగుళ్లతో. వట్టి కాళ్లు. చూడగానే తెలిసింది.

వాడు వెల్లకిలా పడి ఉన్నాడు. తొడలు వెనక టైరుకు ఎదురుగా ఉన్నాయి. చేతి పక్కన రబ్బరు ట్యూబు ముక్క పడి ఉంది. లీకైన పైపుకు చుట్టడానికి తెచ్చుకున్నది. ఇంజను నడుస్తుంటేనే లీకు చప్పుడు దొరుకుతుందని నడపనిచ్చి దూరాడు. అలా నడపనిచ్చినవాడు మరి పిడి ఎందుకు లాగాడో, ఆ ఒక్కటి తర్వాత అడిగితే వాడికీ గుర్తులేదన్నాడు. కింద చేతులెత్తగానే కుడిపక్క పడిపోయింది. పక్షవాతం. నోరు వంకరపోయింది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. నన్ను చూస్తున్నాయి.

ఈదయ్య ఒక కాలు, నేను ఒక కాలు, లింగమ్మ నడుము పట్టుకుని లాగాం. చొక్కా చిరిగి వీపు గీసుకుపోయింది. తల చట్రం దాటి ఎండలోకి వచ్చింది.

ఇంజను ఆగింది.

అన్ని ఇంజన్లూ ఆగినట్టే ఒకసారి వణికి ఆగింది. ఊరు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. అప్పుడు వినబడింది గాలి లీకు, బుస్సుమని. అంతసేపూ ఇంజను చప్పుడు కింద దాగి ఉంది. ఒక చెంబు నీళ్లు తాగినంతసేపు బుసకొట్టి, సన్నబడి, ఆగిపోయింది. తర్వాత బండి కదిలింది.

తొందరేమీ లేనట్టు కదిలింది. వెనక టైరు రాయి మీదికెక్కి దిగింది. తమ్ముడు పడుకున్న చోటు మీదుగా పోయింది. వాడి రబ్బరు ముక్క టైరుకు అంటుకుని ఒక చుట్టు తిరిగి రాలింది. కింద కల్వర్టు గోడకు గుద్దుకుంది. షాబాద్ బండలన్నీ క్యాబిన్ మీదికి జారి, ఊరు దద్దరిల్లింది. అంతకు ముందు నేను నిలబడింది ఆ బండి ముందే.

మేకపిల్ల చాయ్ బండి కింద నిలబడి అరుస్తోంది.

తర్వాతది దవాఖానల కథ. అచ్చంపేట, అక్కడి నుంచి నాగర్‌కర్నూలు, అక్కడి నుంచి ఇంటికి. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. మల్దకల్ తిమ్మప్పే ఇంజను నడిపాడని చుట్టాలు మొదలుపెట్టారు. ఇంజను నడిపి కాపాడేవాడు, వాణ్ణి పక్షవాతంతో పడగొట్టడం ఎందుకు అని అడిగాను. నీ నోట్లో నోరు పెట్టలేం అన్నారు. సవారమ్మ మాత్రం గోళీలు దంచి, నీళ్లలో కలిపి, చెంచాతో వాడి నోట్లో పోసింది. రోజూ పోసింది.

ఇంజనీరింగు చదివిన మా మేనల్లుడు ఫోన్‌లో చెప్పాడు. "మామా, ఇంజనాయిల్ లీకై ఉంటది. గాలి నువ్వు సరిగ్గ మూసుండవు."

ఇలాంటి మాటకే నాకు మండుతుంది. నా అరచెయ్యి నాది కాదా? బండిని పాత ఇనుముకు అమ్మినప్పుడు కొన్నవాళ్లు ఇంజను విప్పుతుంటే నేను పక్కనే కూర్చున్నాను. గాలి దారిలో వేలు పెట్టి చూశాను. పొడి మసి తప్ప ఆయిల్ తడి లేదు. పంపు మీట బాగుంది, నేను వేసిన తీగ బాగుంది. ఆగకపోవడానికి దాంట్లో ఒక్క కారణం లేదు. తిరగడానికి అంతకన్నా లేదు.

చానా నెలలకు వాడికి మాట కొద్దికొద్దిగా వచ్చింది. ముద్దముద్దగా, ఒక్కో మాటను ఎత్తి పెట్టినట్టు. మంచం పక్కన నేనొక్కణ్ణే ఉన్నప్పుడు అన్నాడు.

"అన్నా... నువ్వు తిట్టింది... అంత ఇనబడ్డది. పానా సప్పుడు... ఇనబడ్డది."

నేను మంచానికి ఇంకా దగ్గరగా జరిగాను.

"ఆపుతుండ్రని తెలుస్తుంది. ఆగితే గాలి పోతది... నా మీదికెల్లి పోతదని తెలుస్తుంది. నోరు వస్తలేదు."

"మరి ఏం జేసినవ్‌రా?" అన్నాను.

"ఏం జేస్త. లోపల్లోపల... దానికే చెప్పుకున్న. ఆగకు... జర ఆగకు తల్లీ అని. అదే మాట."

"నాకు చెప్పుకోవద్దా, నేను పైన్నే ఉంటి గద."

వాడి మూతి ఎడమ పక్కకు లేచింది. అది వాడి నవ్వు. "నువ్వు ఎన్నడు... నా మాట ఇన్నవ్ అన్నా? అందుకె... దానికి చెప్పిన."

మళ్లీ అన్నాడు. "నా తలకాయ ఎండల పడ్డంక... ఇంక సాలు తల్లీ, అనుకున్న."

ఆ రోజు ఇంటికి పోయి నా ఇంజను పుస్తకం తీశాను. మొత్తం తిరగేశాను. అందులో ఏం దొరుకుతుందని తీశానో నాకే తెలియదు.

మరుసటి ఎండాకాలం వాడికి మళ్లీ వచ్చింది. ఈసారి ఎడమ పక్క. ఇంటికి తీసుకుపొమ్మన్నారు. గద్వాలలో వాళ్లింట్లో, మిట్టమధ్యాహ్నం, మంచం మీద ఉన్నాడు. సవారమ్మ తడిగుడ్డతో పెదాలు తుడుస్తోంది. ఊపిరి బరువుగా, ఒకే వరుసలో, స్లోలో పెట్టిన బండిలా నడుస్తోంది.

నేను చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. దేవుడికి చెప్పుకునే అలవాటు నాకు లేదు. ఆ గదిలో చెప్పుకోవడానికి వాడొక్కడే ఉన్నాడు. నోరు కదపకుండా, వాడు చెప్పుకున్నట్టే చెప్పాను. ఆగకురా. జర ఆగకు. చాలాసేపు చెప్పాను. నేను ఆ మాట ఒక్కసారి కూడా ఆపలేదు.

ఇంజను ఆ మధ్యాహ్నం ఎందుకు ఆగలేదో నాకు తెలియదు. తెలిసినవాళ్లుంటే రండి, కూర్చుని మాట్లాడదాం. దయ్యమూ, దేవుడూ అనేవాళ్లు రావద్దు. నాకు తెలిసింది ఒక్కటే. వాడు చెబితే అది విన్నది. నేను చెబితే వాడు వినలేదు.